ఇంటి పన్ను లెక్క: చీరాల నుంచి రిజిస్ట్రేషన్ విలువ దాకా

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు యూనియన్‌గా, అంటే మునిసిపాలిటీ కన్నా చిన్న స్థానిక సంస్థగా ఉన్నప్పుడు ఏడాదికి 4,000 రూపాయలుండే పన్ను 40,000కు చేరింది. నేత మీద, సేద్యం మీద బతికే జనం అంత ఎక్కడ తెస్తారు? 1921లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపల్ హద్దు దాటి పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకుని ఎండలోనూ వానలోనూ 11 నెలలు గడిపారు.

పన్ను అసలే వద్దని మన ఊళ్లలో అనేవాళ్లు తక్కువ. రోడ్డు, కాలువ, వీధి దీపం అందరికీ కావాలి. నా ఇంటికి ఇంత విలువని ఎవరు, దేన్ని చూసి కట్టారన్న దగ్గరే పేచీ వస్తుంది.

చాలాకాలం ఆ విలువకు అద్దే ఆధారం. ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో చూసి, అందులో ఇంత శాతమని పన్ను వేసేవారు. అద్దెంటే బజారులో పలికేదా, అద్దె నియంత్రణ చట్టం ఒప్పుకునేదా? ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది గుంటూరు పన్ను చెల్లింపుదారుల సంఘం. న్యాయమైన అద్దెను అధికారి ఇంకా ఖరారు చేయకపోయినా మునిసిపాలిటీ అద్దె నియంత్రణ చట్టం సూత్రాలకే కట్టుబడాలని 1970లో కోర్టు తేల్చింది. మన ఊరివాళ్లు గెలిచిన ఆ తీర్పును తర్వాత దేశమంతటా ఉదహరించారు.

1990 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ పన్ను నిబంధనలు ఇంటింటి అద్దెను పక్కనబెట్టి ఊరిని జోన్లుగా విడగొట్టాయి. కట్టడం రకాన్ని, వాడకాన్ని బట్టి చదరపు మీటరుకు ఇంత అద్దె అని ఖాయం చేశాయి. సొంతింట్లో ఉండేవారికి ఇంటి వయసు తగ్గింపుతో కలిపి 40 శాతం రాయితీ ఉండేది. అయిదేళ్లకోసారి సవరించాల్సిన ఈ విలువలను ఏళ్ల తరబడి ముట్టుకోలేదు. అందుకే తర్వాతి మార్పు జనానికి అంత బరువుగా తోచింది.

కరోనా ఏడాది 2020లో రాష్ట్రాల అప్పు పరిమితిని పెంచుతూ కేంద్రం కొన్ని షరతులు పెట్టింది. అదనపు అప్పులో పట్టణ సంస్కరణలకు ముడిపెట్టిన వాటా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 0.25 శాతం. దాని కోసం ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలకు, అంటే ఆస్తుల రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే ధరలకు అనుసంధానించాలి. ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ పద్ధతి తెచ్చింది. స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, వాణిజ్య భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను. అద్దె రాని ఇంటికీ, గిరాకీ లేని దుకాణానికీ స్థలం ధరే ప్రమాణం. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. స్థలం ధర పెరిగినంత మాత్రాన యజమాని జేబులోకి రూపాయి రాదు.

ఏడాదికి 15 శాతానికి మించి పెంచరాదన్న హద్దు ఉంది. అదెలా పనిచేస్తుందో చూడండి. 20 లక్షల విలువ, 0.15 శాతం రేటు అనుకుంటే పన్ను 3,000. పాత పన్ను 2,000 అయితే మొదటి ఏడు 2,300, రెండో ఏడు 2,645, మూడో ఏడు 3,000. రేటు మారకుండానే బిల్లు ఏటా పెరుగుతున్నది ఇందుకే.

వ్యాపారులకు కొలతల దగ్గరే చిక్కు. ముందు గదికి షట్టర్ బిగించి కిరాణా కొట్టు తెరిస్తే ఆ గది వరకే వాణిజ్యం, వెనక వంటగది, పడకగది నివాసమే. పన్ను నోటీసులో ఇల్లంతా వాణిజ్యమని పడిందేమో చూసుకోవాలి. కట్టిన సంవత్సరం, విస్తీర్ణం కూడా సరిచూడాలి. తేడా ఉంటే టేపుతో కొలిచిన లెక్క, కరెంటు బిల్లు, ప్లాను కాగితం జతచేసి గడువులోగా మునిసిపల్ కమిషనరుకు రివిజన్ పిటిషన్ (పన్ను మళ్లీ పరిశీలించాలన్న అర్జీ) ఇచ్చి, రసీదు తీసుకోవాలి.