ఊళ్లోకి సోలార్ ప్లాంటు వస్తోందంటే: అపోహలు - వాస్తవాలు

సోలార్ ప్రాజెక్టులకి భూములు కుదిర్చే పని నాది. ఇంజనీర్ల కంటే ముందే ఊళ్లోకి వెళ్లి రైతులతో మాట్లాడి, పాస్ పుస్తకాలు చూసి, లీజు కాగితాలు రాయిస్తాను. గజపతినగరం నుంచి పలాస దాకా రచ్చబండల దగ్గర, కంపెనీ మీటింగుల్లో పదే పదే విన్న మాటలివి. కొన్ని ఊరివాళ్లవి, కొన్ని మా వాళ్లవి. మా వాళ్లవే ఎక్కువ చేటు చేస్తాయి.

అపోహ: "అది బంజరు భూమి, ఎవరికీ నష్టం లేదు"

అడంగల్‌లో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, "బంజరు" అని కనిపిస్తే మా ఆఫీసులో పండగే. కానీ ఆ గరువులో, అదే మెట్ట నేలలో, వానలు పడగానే గొర్రెలు మేస్తాయి. పొయ్యిలోకి పుల్లలు కూడా అక్కడివే. బంజరన్న మాట ఎంత దూరం తీసుకెళ్తుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట వాళ్లని అడగండి. అక్కడి బీల అనే చిత్తడి భూముల్ని పనికిరాని నేలగా లెక్కేసి థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. ఆ నేలలో చేపలు పట్టి, దాని నీళ్లతో వరి పండించేవాళ్లు ఎదురు తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతి రద్దయింది కూడా ఆ రోజే.

సోలార్‌కి పొగా బూడిదా ఉండవు, నిజమే. కంచె మాత్రం ఉంటుంది. 1 మెగావాట్‌కి 4-5 ఎకరాలు కావాలి. 50 మెగావాట్లంటే 200 ఎకరాల పైనే. అందులో పాత బండిదారి ఉండొచ్చు, చెరువుకి నీళ్లు తెచ్చే గెడ్డ (వాగు) ఉండొచ్చు. మ్యాపులో ఇవన్నీ కనిపించవు. అందుకే కొత్త ఊరికి వెళ్తే నేను మొదట వెతికేది గొర్రెల కాపరిని. ఏ గెడ్డ ఏ నెలలో పారుతుందో ఆయనే చెప్తాడు.

అపోహ: "గ్రామసభ తీర్మానం ఉంది, ఊరు ఒప్పుకున్నట్టే"

ఇది నేను స్వయంగా చేసిన తప్పు. కొన్నేళ్ల క్రితం విజయనగరం జిల్లాలో ఒక ఊళ్లో ఎండాకాలం పొద్దున్న సభ పెట్టించాం. ఆడవాళ్లంతా ఉపాధి పనికి పోయారు. మగవాళ్లలో సగం మంది హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూలి పనుల్లో ఉన్నారు. వచ్చిన కొద్దిమందీ సంతకాలు పెట్టారు, మేం సంబరపడ్డాం. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లు ఊరొచ్చారు. కనుమ దాటగానే మా సర్వే రాళ్లు పీకి రోడ్డు మీద పెట్టారు. "మేం లేనప్పుడు మా భూమి మీద మీటింగేంటండీ?" అని ఒకాయన అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ముఖ్యమైన సభలు సంక్రాంతి సెలవుల్లోనే పెట్టిస్తున్నాను. డ్వాక్రా సంఘాలతో విడిగా కూర్చుంటాను. సోలార్ ప్లాంట్లకి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు కాబట్టి, థర్మల్‌కి జరిపే ప్రజాభిప్రాయ సేకరణ వీటికి ఉండదు. ఊరు నోరు విప్పే చోటు గ్రామసభే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే గిరిజనుల కోసం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లో అయితే భూసేకరణకి ముందు సభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెప్తుంది. కానీ మందస, మెళియాపుట్టి వైపు షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయిన సవర గిరిజనుల ఊళ్లున్నాయి. వాటికి పెసా లేదు. అటవీ హక్కుల చట్టం మాత్రం వర్తిస్తుంది.

అపోహ: "లీజే కదా, భూమి ఎక్కడికీ పోదు"

భూమి పోదు. దాన్ని దున్నుతున్న కౌలు రైతు పోతాడు. లీజు డబ్బు విశాఖలో ఉండే పట్టాదారు ఖాతాలో పడుతుంది. ప్రభుత్వం భూసేకరణ చేస్తే, మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలు రైతునీ కూలీనీ 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. పట్టాదారూ కంపెనీ మాట్లాడుకుని రాసుకున్న లీజుకి ఆ రక్షణ రాదు. అందుకని కౌలుదారుకి ఎంత, ఎన్నేళ్లు ఇస్తారో ఒప్పందంలోనే రాయమంటాను. కంపెనీ వాళ్లు గొణుగుతారు. గొణగనీ.

పట్టాదారులూ అద్దె ఎంతో అడుగుతారు గానీ పెంపు సంగతి అడగరు. ఎకరాకి ఏడాదికి 30 వేలనుకోండి. పెంపు రాయకపోతే 25వ ఏడాదీ 30 వేలే. రెండేళ్లకోసారి 5 శాతం పెంచాలని రాసుకుంటే అప్పటికి దాదాపు 54 వేలవుతుంది. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. గడువయ్యాక కాంక్రీటు దిమ్మలు ఎవరు తవ్వి తీస్తారో కూడా రాయించుకోండి.

అపోహ: "ప్యానెళ్లు వానల్ని తరిమేస్తాయి"

తరమవు. రేడియేషన్ భయమూ అక్కర్లేదు.

అపోహ: "ప్లాంటు మన ఊళ్లో ఉంటే కరెంటు ఫ్రీ, ఇంటికో ఉద్యోగం"

కరెంటు నేరుగా సబ్‌స్టేషన్‌కి పోతుంది, మన బిల్లు మనకి వస్తూనే ఉంటుంది. కట్టేటప్పుడు కొన్ని నెలలు కూలి పని దొరుకుతుంది. తర్వాత వాచ్‌మన్లు, గడ్డి కోసేవాళ్లు, ప్యానెళ్లు కడిగేవాళ్లు చాలు.

ఊరికి ఏం కావాలని కంపెనీ అడిగితే చాలాచోట్ల గుడికి ఆర్చి అడుగుతారు. దేవుడి మీద నాకు కోపం లేదు గానీ, మంచినీళ్ల మోటారుకి బ్యాటరీతో సోలార్ అడగమంటాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కరెంటు స్తంభాల్ని కూల్చేశాక నీళ్ల కోసం పడిన తిప్పలు అక్కడి వాళ్లు మర్చిపోలేదు. బ్యాటరీ అని గట్టిగా చెప్పండి. మామూలు రూఫ్‌టాప్ సోలార్, లైను పోగానే తనూ ఆగిపోతుంది.

అపోహ: "ఇది పెద్ద కంపెనీల వ్యవహారం, మనవల్ల కాదు"

2019లో వచ్చిన పీఎం కుసుమ్ అనే కేంద్ర పథకంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంటుని రైతులు, రైతు సంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా పెట్టుకోవచ్చు. సబ్‌స్టేషన్ దగ్గర్లో ఉంటే మేలు. చిక్కంతా పెట్టుబడి దగ్గరే, కోట్లలో మాట. చీపురుపల్లి వైపు ఏడుగురు రైతులు కలిసి అడుగుతున్నారు, సబ్‌స్టేషన్ వాళ్లకి మూడు కిలోమీటర్లే. బ్యాంకు మేనేజరు సోమవారం రమ్మన్నాడు. నేనూ వెళ్తున్నాను.