చిప్పులో ఖాళీ ఉయ్యాల

"తాతగారి రేడియో విప్పితే వేలెడంత తీగచుట్టలు కనిపించాయి. ఫోనులోని గోరంత చిప్పులో అవి ఎక్కడ పడతాయి?" అని గాజువాక నుంచి ఒక విద్యార్థిని అడిగింది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ చిన్న చుట్ట సరిపోతుంది కాబట్టి పడతాయి. పట్టినా ఆ చుట్టలు నాసిరకం, అదీ చిక్కు.

యాంటెన్నాను తాకే సవాలక్ష తరంగాల్లో ఒక ఇరుకు పౌనఃపున్యాల పట్టీని మాత్రమే లోపలికి వదిలేది బ్యాండ్‌పాస్ ఫిల్టర్. ఆ చుట్టలు దాని కోసమే. ఎంత ఇరుకో చెప్పే అంకె పేరు క్యూ. మధ్య పౌనఃపున్యాన్ని పట్టీ వెడల్పుతో భాగిస్తే అది వస్తుంది. పాత జీఎస్ఎం ఫోను వినే 935–960 మెగాహెర్ట్జ్ పట్టీకి క్యూ దాదాపు 38. పాఠాలు ఈ భాగాహారంతో సరిపెడతాయి. నాకు మాత్రం క్యూ ఎం.వి.పి. కాలనీ పార్కులో, ఉయ్యాల దగ్గర అర్థమైంది.

ఉయ్యాలను ఒక్కసారి తోసి వదిలేయండి. ఊపు మొదటిదానిలో నాలుగు శాతానికి తగ్గేలోపు ఎన్నిసార్లు ఊగిందో అదే దాని క్యూ. నేను ముప్ఫైరెండు దాకా లెక్కపెట్టానో లేదో, ఒక మామ్మగారు కేకేశారు: "ఖాళీ ఉయ్యాల ఊపకూడదు బాబూ!" లెక్క అక్కడే ఆగింది.

చిప్పు మీది చుట్ట అంటే జిలేబీలా చుట్టిన పలుచని లోహపు పట్టీ. లోహంలో కొంత, కింది సిలికాన్‌లో కొంత శక్తి వృథా అయి, అందులోని కరెంటు ఊపు ఐదారుసార్లకే చచ్చిపోతుంది. అట్లతద్ది ఉయ్యాలకు వెనక తోసేవాళ్లు ఉన్నట్టే, ఇక్కడా రెండు ట్రాన్సిస్టర్లు తోస్తాయి. ఒకదాని గేటు అనే కాలును రెండోదాని డ్రెయిన్ అనే కాలుకు అడ్డంగా కలిపితే ఆ జంట రుణ నిరోధమవుతుంది, పోయిన శక్తిని ఊపు ఊపుకూ తిరిగి ఇస్తుంది. క్యూ 5 ఉన్న చుట్టను 38కి తేవాలంటే నష్టంలో 87 శాతం పూడ్చాలి. ఎండా చలీ మారడం వల్లో మరో కారణానికో ఆ తోపు ఐదు శాతం పెరిగితే క్యూ 57 అవుతుంది, పది శాతం పెరిగితే 110 దాటుతుంది. పదిహేను దాటిందా, ఎవరూ ఎక్కకుండానే ఉయ్యాల ఊగుతుంది. ఫిల్టర్ కాస్తా ఆసిలేటర్ అయిపోతుంది! పైగా తోసే చేయి వణుకుతుంది. ఆ వణుకే సంకేతంలో చేరే గరగర.

అందుకే పక్కనే అచ్చం అలాంటి రెండో ఉయ్యాల కడతారు. దాన్ని కావాలనే ఆగకుండా ఊగనిచ్చి, దాని వేగాన్ని క్రిస్టల్ గడియారంతోనూ, ఊపు ఎత్తును ఒక స్థిరమైన కొలతతోనూ పోల్చి దిద్దుతారు. అదే దిద్దుబాటు పని చేసే ఉయ్యాలకూ అందుతుంది. ఆ రెండోదాన్ని ఏ సంకేతమూ ఎక్కదు, అది ఖాళీగానే ఊగుతూ ఉంటుంది.

మామ్మగారికి ఈ సంగతి చెప్పలేదు.