గోల్డెన్ గేట్ పార్క్ దగ్గర ఫ్రీ పార్కింగ్: అపోహలు - వాస్తవాలు

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి శాన్ ఫ్రాన్సిస్కో తిప్పి చూపించడం నా పని. ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు మన తెలుగు కుటుంబాలే ఎక్కువగా పిలుస్తాయి. సొంత కారులో వెళ్లేవాళ్లు కూడా ఫోన్ చేసి, "అన్నా, గోల్డెన్ గేట్ పార్క్ దగ్గర డబ్బులు కట్టకుండా కారు ఎక్కడ పెట్టొచ్చు?" అని అడుగుతారు. చోట్లు ఉన్నాయి. అందరూ ఒకే మూల వెతుకుతారు, దొరికాక బోర్డు సగమే చదివి వెళ్లిపోతారు, అక్కడే వస్తుంది టికెట్.

అపోహ: వీకెండ్‌లో అక్కడ వీధి పార్కింగ్ దొరకడం అసాధ్యం.

వాస్తవం: పార్క్ 1,017 ఎకరాలు, దాదాపు 3 మైళ్ల పొడవు. డి యంగ్ మ్యూజియం, అకాడమీ ఆఫ్ సైన్సెస్, జపనీస్ టీ గార్డెన్ తూర్పు సగంలో ఉన్నాయి కాబట్టి జనమంతా 9వ అవెన్యూ, ఇర్వింగ్ స్ట్రీట్ చుట్టూనే తిరుగుతుంటారు. అక్కడ షాపులు, మీటర్లు, ఆ పైన యూసీఎస్ఎఫ్ ఆస్పత్రి దగ్గర కాబట్టి అక్కడ ఉండేవాళ్లకిచ్చే పర్మిట్ లేకపోతే కొద్ది గంటలే ఉంచనిచ్చే వీధులు. మీరు ఉత్తరం వైపు ఫుల్టన్ స్ట్రీట్ దాటి కాబ్రిల్లో, బాల్బోవా వీధుల్లోకి వెళ్లి, అవెన్యూ నంబర్ పెరిగే దిక్కుగా పోతూ ఉండండి. నేనైతే పెద్దవాళ్లని ముందే పార్క్ దగ్గర దింపేసి, ఒక్కడినే వెళ్లి కారు పెట్టి నడిచి వస్తాను. మోకాళ్ల నొప్పులున్న అమ్మని అంత దూరం నడిపించి తీసుకొచ్చేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది, పార్క్ లోపల ఉచిత షటిల్ కూడా ఉంది కదా!

అపోహ: పార్క్ లోపలి జేఎఫ్‌కే డ్రైవ్ రోడ్డు మీద పెట్టేయొచ్చు.

వాస్తవం: ఇది పాత సలహా. మ్యూజియం వైపు తూర్పు భాగంలో 2020 నుంచి కార్లు లేవు, 2022 నవంబర్‌లో ఓటర్లు కూడా అలాగే ఉంచమన్నారు.

అపోహ: వీధి ఊడ్చే టైమ్ 9 నుంచి 11 అని ఉంటే, 11 దాకా అక్కడ పెట్టకూడదు.

వాస్తవం: ఊడ్చే ట్రక్ వెళ్లిపోయాక పెట్టుకోవచ్చు, ఈ ఊళ్లో రూలే అది. రోడ్డు అంచు వెంట నేల చూడండి, బ్రష్ తిరిగిన తడి చార ఒకటి పొడుగ్గా కనిపిస్తుంది, ఆకులు ఉండవు. ఆ చార కనబడితే ధైర్యంగా పెట్టండి. ట్రక్ ఇంకా రాలేదన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా వద్దు. బోర్డు మీద వారం పేరు ఒక్కటే కాదు, నెలలో ఎన్నో వారమో కూడా చూసుకోండి, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

అపోహ: రోడ్డు అంచుకి ఎర్ర రంగు లేకపోతే సేఫ్.

వాస్తవం: దీని మీద నాకు బాగా పట్టింపు ఉంది, ఎందుకంటే మొదటి ఏడాది నేనూ ఇలాగే టికెట్ తిన్నాను. ఫైర్ హైడ్రెంట్ పక్కన అంచుకి రంగేమీ లేదు, బోర్డూ లేదు, నాకోసమే ఖాళీగా ఉందనుకున్నాను. హైడ్రెంట్‌కి 15 అడుగులు వదలాలి, అంటే ఇంచుమించు ఒక సెడాన్ నిడివి. క్రాస్‌వాక్‌కి బండ్లు వచ్చే వైపు 20 అడుగులు వదలాలని రాష్ట్ర చట్టం, దానికి 2025 నుంచి టికెట్ రాయొచ్చు, రంగు లేకపోయినా సరే.

డ్రైవ్‌వేలు, అంటే గ్యారేజ్‌లోకి కారు వెళ్లే దారులు, ఇంకో సంగతి. ఈ పేటల్లో ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, ఇంటింటికీ గ్యారేజ్, రెండు గ్యారేజ్‌ల మధ్య చిన్న కారు మాత్రమే పట్టే ముక్క మిగులుతుంది. మినీవ్యాన్ అందులో దూర్చి బంపర్ జానెడు అవతలికి వదిలేసి "ఇంట్లో ఎవరూ లేరులే" అనుకోకండి, ఆ ఇంటివాళ్లు ఫిర్యాదు చేస్తే కారునే లాక్కుపోతారు, అప్పుడు ఫ్రీ పార్కింగ్ కాస్తా డబ్బులు కట్టే పార్కింగ్ గ్యారేజ్ కంటే ఎన్నో రెట్లు ఖరీదవుతుంది.

అపోహ: సమతలంగా ఉంది కదా, కారు జారకుండా ముందు చక్రాలు పక్కకి తిప్పి పెట్టక్కర్లేదు.

వాస్తవం: వాలు 3 శాతం దాటితే తిప్పాల్సిందే. దిగువకి ముఖం ఉంటే అంచు వైపు, ఎగువకి ఉంటే రోడ్డు వైపు.

అపోహ: పగలే కదా, బ్యాగ్ సీటు మీద ఉంటే ఏమవుతుంది?

వాస్తవం: పట్టపగలే అద్దాలు పగలగొడతారు. పాస్‌పోర్టులు, లాప్‌టాప్ మాత్రమే కాదు, ఖాళీ సంచి కూడా కనబడనివ్వొద్దు. అక్కడికి వచ్చాక డిక్కీ తెరిచి సామాను సర్దడం ఇంకా తప్పు, ఇంటి దగ్గరే సర్దుకుని బయల్దేరండి. దిగేముందు అంచు పక్కన నేల ఒకసారి చూడండి, పగిలిన గాజు ముక్కలు మెరుస్తుంటే ఆ చోటు ఎంత దగ్గరైనా, ఎంత ఖాళీగా ఉన్నా వదిలేసి ముందుకి పోండి.