ఘాటెక్కే డీజిల్ బండికి ఏ ఆయిల్ పోయాలి?

ఒడిశాలోని జయపురంలోనో రాయగడలోనో స్పేర్‌పార్టుల షాపుకి వెళ్ళి డీజిల్ బండికి ఇంజన్ ఆయిల్ అడిగితే కౌంటరు మీదికి మూడు రకాల డబ్బాలొస్తాయి. ఒకటి టీవీలో కనపడే పెద్ద కంపెనీది. ఇంకొకటి పెట్రోలు బంకు కంపెనీలది, అంటే సర్వోనో మ్యాకో. మూడోదాని పేరు ఎప్పుడూ విని ఉండరు. షాపువాళ్ళో, వాళ్ళకి సరుకు వేసే డీలరో తమ పేరుతో నింపించుకున్న ఆయిల్ అది. ధర బాగా తక్కువ. ఇది పోస్తే ఇంజన్ పాడవుతుందా అన్నది అందరి సందేహం. డబ్బా మీద ఉండాల్సిన అక్షరాలుండి, అవి నిజమైతే పాడవదు. ఆ అక్షరాలు మీ ఇంజన్‌కి సరిపడనివైతే ఎంత పేరున్న ఆయిలైనా దండగే.

సొంత పేరు ఆయిల్ అనగానే నాసిరకం అనుకోనక్కర్లేదు. అమెరికాలో వాల్‌మార్ట్ 'సూపర్‌టెక్' అని, కాస్ట్‌కో 'కిర్క్‌ల్యాండ్' అని ఇంజన్ ఆయిల్ అమ్ముతాయి. రెండూ కిరాణా దుకాణాలే, ఆయిల్ వేరేచోట తయారవుతుంది. మన సర్వీసు సెంటర్లో 'జెన్యూన్ ఆయిల్' అని పోసేదీ ఆ కోవలోదే. బండి కంపెనీ ఏదో ఒక ఆయిల్ కంపెనీ చేత చేయించి తన డబ్బాలో నింపించుకుంటుంది. ఏ డబ్బాలోనైనా నూటికి 75 నుంచి 85 పాళ్ళు బేస్ ఆయిల్. మిగతావి మందులు: మసి ముద్దకట్టకుండా విడదీసి ఉంచేవి, ఆమ్లాన్ని విరిచేవి, లోహం అరగకుండా కాపాడేవి, వేడికి ఆయిల్ మరీ పలచబడకుండా చూసే పాలిమర్లు. ఈ మందుల్లో ఎక్కువ భాగం ప్రపంచమంతటికీ నాలుగు కంపెనీల నుంచే వెళ్తుంది: లుబ్రిజోల్, ఇన్‌ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరొనైట్. కాబట్టి డబ్బాకీ డబ్బాకీ తేడా ఏ మందు ఎంత కలిపారన్న దగ్గరే వస్తుంది. అడ్డదారిలో చవక చేయాలనుకున్నవాడు కోత పెట్టేదీ అక్కడే.

ఆ కోత చేతికి తెలియదు. చుక్క తీసి రెండు వేళ్ళ మధ్య రాసి "జిగట బాగుంది" అనడం మన షెడ్లలో పాత అలవాటు. చేతి వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. నడుస్తున్న ఇంజన్లో ఆయిల్ 100 డిగ్రీలు దాటుతుంది, క్రాంక్ బేరింగుల దగ్గర ఇంకా ఎక్కువ. వేళ్ళ మధ్య చిక్కగా ఉన్నది అక్కడ ఎలా ఉంటుందో వేళ్ళు చెప్పలేవు. అది డబ్బా మీద గ్రేడు చెప్పాలి.

15డబ్ల్యూ-40 అన్నదాన్నే తీసుకుందాం. డబ్ల్యూ ముందున్న 15 చలి సంగతి. స్టార్టరు తిప్పినప్పుడు ఇంజన్ తిరగగలదా అన్న పరీక్షని ఈ గ్రేడుకి మైనస్ 20 డిగ్రీల దగ్గర చేస్తారు. సిమిలిగుడలో డిసెంబరు తెల్లవారుజామున ఎంత వణికినా అంత చలి ఇక్కడ రాదు. అందుచేత చలి కోసమని అదనంగా డబ్బు పెట్టి 5డబ్ల్యూ కొనక్కర్లేదు, బండి పుస్తకం అడిగితే తప్ప. వెనకున్న 40 వేడి సంగతి. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 సెంటీస్టోక్స్‌కి తగ్గకూడదు, 16.3 లోపుండాలి. ఘాటు రోడ్డు బండికి ఇంతకన్నా ముఖ్యమైన అంకె మరొకటుంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగే వేగంతో ఆయిల్‌ని రుద్ది కొలిచే చిక్కదనం అది. 15డబ్ల్యూ-40కి అది కనీసం 3.7 ఉండాలి. సుంకి దాటి కొరాపుట్ వైపు సరుకుతో రెండో గేరులో ఎక్కే పికప్‌కి బేరింగు మీద మిగిలే పొర ఈ అంకె మీదే ఆధారపడుతుంది. "ఘాటీ బండికి ఇంకా చిక్కటిది పోయండి" అంటూ 20డబ్ల్యూ-50 ఇచ్చేవాళ్ళున్నారు. ఆ గ్రేడుకీ ప్రమాణం అడిగే కనీసం అదే 3.7. పొద్దున్న మొదటి స్టార్టుకి పైన వాల్వుల దాకా చేరడంలో ఆలస్యం మాత్రం అదనంగా వస్తుంది.

గ్రేడు కన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది కేటగిరీ దగ్గర. డబ్బా మీద ఏపీఐ (ఆయిల్‌కి ప్రమాణాలు పెట్టే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) పక్కన 'సీ'తో మొదలయ్యే అక్షరాలు డీజిల్‌వి, 'ఎస్'తో మొదలయ్యేవి పెట్రోలువి. సీఎఫ్-4 1990 నాటిది, ఏపీఐ దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేసింది. సీహెచ్-4 1998లో వచ్చింది. పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకే తిప్పే ఈజీఆర్ ఇంజన్ల కోసం 2002లో సీఐ-4 వచ్చింది, 2004లో దాని మీద సీఐ-4 ప్లస్. 2006లో సీజే-4, 2016 డిసెంబరులో సీకే-4 వచ్చాయి. కొత్తది పాతదాని స్థానంలో పోయవచ్చు, పాతది కొత్తదాని స్థానంలో పోయకూడదు. ఎఫ్ఏ-4 అన్నది మాత్రం ఈ వరసలోది కాదు. పలచని ఆయిల్ కోసమే కట్టిన కొన్ని ఇంజన్లకే అది, పుస్తకంలో లేకపోతే ముట్టుకోవద్దు. గునుపురం వైపు పొలాల్లో తిరిగే పాత పంపుసెట్టుకి చవకైన సీఎఫ్-4 పోసినా నడిచిపోతుంది. అదే ఆయిల్‌ని ఈజీఆర్ ఉన్న బీఎస్4 (పొగ కాలుష్యానికి మన దేశం పెట్టిన, బీఎస్6కి ముందరి ప్రమాణం) బండికి పోస్తే మసిని మోయలేక చిక్కబడి, పిస్టన్ రింగులు గాడుల్లో బిగుసుకుపోతాయి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండికి లెక్క వేరు. వీటిలో చాలావాటికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత డబ్బా ఉంటుంది. అందులో చిక్కిన మసిని సుమారు 600 డిగ్రీల వేడితో బండి తనే కాల్చుకుంటుంది. కానీ ఇంజన్లో కాస్త కాస్తగా కాలిన ఆయిల్‌లోని కాల్షియం, జింకు, మెగ్నీషియం బూడిదవుతాయి. బూడిద మళ్ళీ కాలదు, పేరుకుంటూ పోతుంది. సీకే-4లో బూడిద ఒక శాతం దాటకూడదని పరిమితి ఉన్నది ఇందుకే. సీఐ-4లో ఆ పరిమితి లేదు. చిన్న బీఎస్6 కార్లకి, ఎస్‌యూవీలకి చాలాసార్లు ఏసీఈఏ (యూరప్ బండి కంపెనీల సంఘం) సీ2 లేదా సీ3 అని, 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది. అక్కడ షాపు పేరు ఆయిల్ ఆ అక్షరాలతో దొరికితేనే కొనండి. దొరక్కపోతే డబ్బు ఆదా చేసే చోటు అది కాదు. ఆయిల్‌లో మిగిలిన వందలకి డీపీఎఫ్ మార్పిడి ఖర్చు అనేక రెట్లు.

ఇక ఆ అక్షరాలు నిజమా కాదా అన్నది. "సీఐ-4 స్థాయిని అందుకుంటుంది", "అన్ని డీజిల్ ఇంజన్లకీ అనుకూలం" అని ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. ఏపీఐ లైసెన్సు తీసుకున్న డబ్బా మీద గుండ్రటి ముద్ర ఉంటుంది: పై అంచున కేటగిరీ, నడిమధ్య గ్రేడు. ఆ పేరు ఏపీఐ లైసెన్సుల జాబితాలో ఉందో లేదో ఫోన్లోనే వెతికి చూడవచ్చు. ముద్ర లేనంత మాత్రాన ఆయిల్ చెడ్డదని కాదు. అప్పుడు ఇంజన్ కంపెనీ అనుమతి నంబరు చూడాలి, కమిన్స్ ఇంజన్‌కి సీఈఎస్ 20086 లాంటిది. రెండూ లేకపోతే నా సలహా ఒక్కటే: ఆ డబ్బా వదిలేయండి. తయారుచేసినవారి పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, బ్యాచ్ నంబరు డబ్బా మీద చదవగలిగేలా ఉండాలి. అమ్మినవారి పేరు మాత్రమే ఉండి తయారీదారు ఊసు లేని డబ్బా కొనవద్దు. వారంటీలో ఉన్న బండికైతే కేటగిరీ, గ్రేడు రాయించిన బిల్లు దాచుకోండి.

డ్రమ్ము నుంచి కొలిచి పోసే లూజు ఆయిల్‌తో కొరాపుట్ వానల్లో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము పైమూత మీద నీళ్ళు నిలుస్తాయి. పగలు ఎండకి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డప్పుడు బిరడా పక్కనుంచి ఆ నీటినే లోపలికి పీల్చుకుంటుంది. బిరడా ఎంత బిగించినా ఇది జరుగుతుంది. డ్రమ్ముని పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెల చోట ఉండేలా ఉంచితే రెండింటి లోపలివైపూ ఆయిల్ నిలిచి, నీటికి దారి ఉండదు. అనుమానం ఉంటే పెట్రోలుకి, డీజిల్‌కి దూరంగా పెట్టిన వేడి రేకు మీద ఒక్క చుక్క వేసి ఎడంగా నిలబడి చూడండి. నీళ్ళుంటే చిటపటమంటుంది, లేకపోతే చప్పుడు చేయకుండా పరుచుకుంటుంది.

మంచి ఆయిల్‌ని కూడా కిలోమీటర్ల లెక్క మోసం చేస్తుంది. మైదానంలో గంటకి 50 కిలోమీటర్లు నడిచే బండికి 10,000 కిలోమీటర్లంటే 200 గంటలు. ఘాటులో 20 దగ్గర పాకే బండికి అవే కిలోమీటర్లు 500 గంటలు. ఆగి ఉండి ఇంజన్ నడిచిన గంటలు మీటరులో అసలే కనపడవు. అందుకే ఘాటీ బండికి, ఎర్రమట్టి దుమ్ములో తిరిగే బండికి పుస్తకంలో 'కఠిన పరిస్థితులు' అన్న చోట రాసిన తక్కువ గడువే పాటించాలి. చవక ఆయిల్ మీద మిగిలిన డబ్బు ఇక్కడ ఖర్చుపెట్టడమే దాని సరైన వాడకం.

మార్చేటప్పుడు బండి సమతలం మీద, ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి. డ్రెయిన్ బోల్టు తీశాక పావుగంట కారనివ్వండి, ఆఖరున వచ్చే చిక్కటి ధారలోనే మడ్డి ఉంటుంది. బోల్టుకి కొత్త వాషరు వేయండి. ఫిల్టరు మార్చకుండా ఆయిల్ మార్చవద్దు. కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ రాసి, రింగు తగిలాక చేత్తో ఇంకో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పుస్తకం చెప్పిన పరిమాణానికి అర లీటరు తక్కువ పోసి, స్టార్టు చేసి, ఆయిల్ ప్రెషరు దీపం ఆరాక ఆపండి. ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయండి. పై గీత దాటితే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగతో బేరింగుకి పొర నిలవదు.

కొత్త ఆయిల్ వెయ్యి కిలోమీటర్లకే నల్లబడిందని గాబరా పడవద్దు. మసిని పట్టి ఉంచడమే దాని పని. ఆ శక్తి మిగిలుందో లేదో చూడాలంటే వేడి ఇంజన్ డిప్‌స్టిక్ నుంచి ఒక చుక్క వడపోత కాగితం మీద వేసి, కింద ఏమీ తగలకుండా గ్లాసు మీద ఉంచి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి మధ్యలోంచి అంచుదాకా బూడిదరంగు నెమ్మదిగా పలచబడుతూ వ్యాపించి ఉంటే ఆయిల్ ఇంకా పనిలో ఉన్నట్టు. నడుమ కాటుకలా నల్లటి బొట్టు, దాని చుట్టూ పదునైన గీత, ఆ బయట ఖాళీ కాగితం కనపడితే మందులు అయిపోయాయి, మసి ముద్దకట్టింది. బీఎస్6 బండిలో ఇంకొకటి కూడా చూడాలి. సంతకీ స్టాండుకీ మధ్య చిన్న ట్రిప్పులు వేసే బండిలో డీపీఎఫ్ శుభ్రం కావడం మధ్యలో ఆగిపోతూ ఉంటుంది, అప్పుడు డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరిగిందంటే సంతోషించవద్దు, అది పలచబడిన ఆయిల్. గడువుతో పనిలేకుండా మార్చేయాలి.

తీసిన ఆయిల్‌ని కాలవలో పోయకుండా, కట్టెలకి పూయకుండా, రీసైక్లింగ్ అనుమతి ఉన్నవాళ్ళకి చేర్చే షెడ్డులో ఇవ్వండి. ఖాళీ డబ్బాని తుక్కు కొనేవాళ్ళకి వేసే ముందు మేకుతో అడుగున రెండు చిల్లులు పెట్టి, లేబులు చింపేయండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్ళకి కావాల్సింది చిల్లులేని డబ్బానే.