జరిగిపోయాక నొక్కే బటన్

ఆకాశంలో మెరుపు మెరిసింది. అది చూసి మీరు బటన్ నొక్కేసరికి సుమారు 0.2 సెకను దాటిపోతుంది. మనిషి కన్ను చూడటానికీ వేలు కదలడానికీ అంత వ్యవధి పడుతుంది. మామూలు కెమెరాకు దొరికేది చీకటి ఆకాశమే. అదే సెకనుకు వేల ఫ్రేములు తీసే హైస్పీడ్ కెమెరాలోనైతే మెరుపు పుట్టిన క్షణం నుంచీ మొత్తం ఉంటుంది.

ఎందుకంటే ఆ బటన్ రికార్డింగ్ మొదలుపెట్టడానికి కాదు, ఆపడానికి. కెమెరాను సిద్ధం చేసి ఉంచినప్పటి నుంచీ అది తీస్తూనే ఉంటుంది. పలక నిండాక మళ్లీ పైనుంచి ఒక్కో వరుసా చెరుపుకుంటూ రాసినట్టు, మెమరీ నిండగానే పాత ఫ్రేముల మీదే కొత్తవి రాస్తుంది. దీన్నే రింగ్ బఫర్ అంటారు. ట్రిగ్గర్, అంటే బటన్ నుంచి వెళ్లే సంకేతం, అందాక మనం ముందే చెప్పినన్ని ఫ్రేములు తీసి ఆ చెరపడం ఆగిపోతుంది.

ఈ కెమెరాల గురించి అందరూ ముందు అడిగేది సెకనుకు ఎన్ని ఫ్రేములు అని. నన్నడిగితే, మనం ఎంత ఆలస్యమైనా పరవాలేదో ముందు తెలుసుకోవాలి. లెక్క వేద్దాం. 1280×800 రిజల్యూషన్, ఒక్కో పిక్సెల్‌కు 12 బిట్లు అనుకుంటే ఒక ఫ్రేము 1.5 మెగాబైట్ల పైమాటే. సెకనుకు 10,000 ఫ్రేములంటే సెకనుకు సుమారు 15 గిగాబైట్లు. 64 గిగాబైట్ల మెమరీ ఉన్నా నాలుగు సెకన్లలో నిండిపోతుంది. అంటే కెమెరాకు గుర్తుండేది చివరి నాలుగు సెకన్లే. అయిదో సెకనులో నొక్కితే మెరుపు చెరిగిపోయినట్టే.

వేగం ఇంకా కావాలంటే చిత్రం ఎత్తు తగ్గించాలి. చాలా సెన్సర్లు వరుస తర్వాత వరుసగా చదువుతాయి కాబట్టి, వరుసలు సగమైతే వేగం దాదాపు రెట్టింపవుతుంది. అడ్డంగా సాగిపోయే వస్తువును సన్నని పట్టీలా తీయడం అందుకే లాభం.

ఎక్స్‌పోజర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే వ్యవధి, మాత్రం వేరే సంగతి. ఫ్రేముల వేగం పెంచితే బొమ్మ స్పష్టంగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అదొక్కటే చాలదు. సెకనుకు 10,000 ఫ్రేములు తీసేటప్పుడు ఒక ఫ్రేముకు దొరికే గరిష్ఠ వ్యవధి 100 మైక్రోసెకన్లు. సెకనుకు 100 మీటర్లు పోయే వస్తువు ఆలోపు ఒక సెంటీమీటరు కదిలిపోతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. ఎక్స్‌పోజర్‌ను 5 మైక్రోసెకన్లకు తగ్గిస్తే ఆ కదలిక అర మిల్లీమీటరే. అయితే వెలుతురు 20వ వంతుకు పడిపోతుంది. ఈ పనిలో సగం తిప్పలు లైట్లతోనే. పైగా 50 హెర్ట్జ్ కరెంటుతో నడిచే కొన్ని బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మన కంటికి కనిపించని ఆ మినుకు వీడియోలో అలలా కనిపిస్తుంది.

ఇక ట్రిగ్గర్. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రాన్ని 12 కెమెరాలతో తీశాడు. దారికి అడ్డంగా కట్టిన తీగలను గుర్రమే తగులుతూ పోతుంటే ఒక్కో కెమెరా ఒక్కో ఫొటో తీసింది. వెనక్కి వెళ్లి చూసుకునే మెమరీ ఆ కెమెరాలకు లేదు, కాబట్టి సరైన క్షణాన్ని గుర్రం చేతనే చెప్పించాడు. తర్వాత ఎడ్జర్టన్ అనే అమెరికన్ ఇంజనీరు తుపాకీ గుండును ఫొటో తీయడానికి ఆ శబ్దాన్ని మైక్రోఫోన్‌తో పట్టుకుని ఫ్లాష్ వెలిగించాడు. శబ్దం ఒక మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మైక్రోఫోన్‌ను అటూ ఇటూ జరిపితే ఫ్లాష్ వెలిగే క్షణం కూడా జరుగుతుంది. ఎంత చక్కటి ఉపాయం!

ఇప్పుడు మనం తేల్చుకోవాల్సింది ట్రిగ్గర్‌కు ముందు ఎన్ని ఫ్రేములు, తర్వాత ఎన్ని అన్నది. మెరుపుకైతే మెమరీ దాదాపు అంతా ముందు భాగానికే ఇవ్వాలి. ఎయిర్‌బ్యాగ్ పరీక్షలో బ్యాగ్‌ను పేల్చే సిగ్నలే కెమెరాకూ వెళ్తుంది కాబట్టి ఎక్కువ భాగం తర్వాతికి ఉంచుకోవచ్చు. గాజు ఎప్పుడు పగులుతుందో తెలియనప్పుడు, చిత్రంలో ఒక చోటు ఎంచి అక్కడ వెలుతురు మారగానే ఆగమని కెమెరాకే చెప్పొచ్చు. దాని సున్నితత్వం మరీ పెంచితే ఒక ఈగ వాలినా ఆగిపోతుంది.

మామూలు స్విచ్ వాడితే ఇంకో చిక్కు. లోపలి లోహపు ముక్కలు తగిలాక కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడతాయి, ఒక నొక్కు పది నొక్కుల్లా కనిపిస్తుంది. దాన్ని వడకట్టే సెట్టింగ్ ఉంటుంది. ఆ వడకట్టడానికీ కొంత ఆలస్యం తప్పదు, లెక్కలో కలుపుకోవాలి.

చివరిది సేవ్ చేయడం. 64 గిగాబైట్లు గిగాబిట్ కేబుల్ మీద కంప్యూటర్‌లోకి రావాలంటే పది నిమిషాలు పడుతుంది. మెమరీ అంతా ఒకటే ముక్కగా ఉంటే అంతసేపూ కెమెరా కొత్తగా ఏమీ తీయలేదు. తుఫాను ఆగదు కదా! అందుకే చాలా కెమెరాల్లో మెమరీని ముక్కలు చేసే వీలుంటుంది. నాలుగు ముక్కలైతే ఒక్కోదానికి ఒక్క సెకనే దక్కుతుంది, వేలు ఇంకాస్త చురుగ్గా కదలాలి. కానీ మొదటి మెరుపు ఒక ముక్కలో భద్రంగా ఉండగానే, కెమెరా రెండో ముక్కలో తర్వాతి మెరుపు కోసం తిరుగుతూ ఉంటుంది.