ఓటుకు ఓనరెవరు? ఈటల ఏడు గెలుపులు, రెండు ఓటముల వెనుక కథ

మామూలుగా ఒక ఎమ్మెల్యే ఏడుసార్లు గెలవాలంటే ముప్పై, ముప్పై ఐదేళ్లు పడుతుంది. తెలంగాణ నేత ఈటల రాజేందర్‌కు పదిహేడేళ్లే పట్టింది. 2004, 2008, 2009, 2010, 2014, 2018, 2021లో ఆయన అసెంబ్లీకి గెలిచారు. వీటిలో మూడు ఉప ఎన్నికలు, ఆ మూడూ ఆయన రాజీనామాల వల్లే వచ్చాయి. మొదటి రెండుసార్లు అప్పటి తన పార్టీ టీఆర్ఎస్ చెబితే రాజీనామా చేశారు. మూడోసారి ఆ పార్టీనే వదిలి రాజీనామా చేశారు. ఆ తర్వాత రెండేళ్లకు ఒకే రోజు రెండు నియోజకవర్గాల్లో ఓడిపోయారు. మరో ఆరు నెలలకు దాదాపు నాలుగు లక్షల మెజారిటీతో ఎంపీ అయ్యారు.

ఇంతటి ఎత్తుపల్లాలు చూసినప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. ఇన్నేళ్లుగా ఈయనకు పడ్డ ఓట్లలో ఈయనవి ఎన్ని, పార్టీవి ఎన్ని, ఆ పూట గాలివి ఎన్ని? ఆయన ఎక్కువసార్లు గెలిచిన హుజూరాబాద్ లెక్కలు చూస్తే దీనికి కొంతవరకైనా సమాధానం దొరుకుతుంది. తెలంగాణలో ఇంత చక్కగా ఈ లెక్క తేలే నియోజకవర్గం ఇంకోటి లేదనే నా అభిప్రాయం.

కథ కమలాపూర్ నుంచి మొదలవుతుంది. 1964లో అక్కడే పుట్టిన రాజేందర్ ఉస్మానియాలో బీఎస్సీ చదివారు. వామపక్ష విద్యార్థి సంఘంలో పనిచేశారు. తర్వాత కోళ్ల పరిశ్రమలోకి వెళ్లారు. టీఆర్ఎస్ పుట్టిన తొలినాళ్లలోనే ఆ పార్టీలో చేరారు. 2004లో కమలాపూర్ టికెట్ దక్కినప్పుడు ఎదురుగా ఉన్నది చిన్న మనిషి కాదు. తెలుగుదేశం నుంచి అక్కడ నాలుగుసార్లు గెలిచి మంత్రిగా కూడా చేసిన ముద్దసాని దామోదర్ రెడ్డి. ఆ ఏడాది కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న టీఆర్ఎస్ 26 అసెంబ్లీ సీట్లు గెలిచింది. వాటిలో కమలాపూర్ ఒకటి. గాలి బలం కచ్చితంగా ఉంది. కానీ నాలుగుసార్లు గెలిచిన నాయకుణ్ణి ముదిరాజ్ కులానికి చెందిన కొత్త మనిషి ఓడించడం ఆ ప్రాంత రాజకీయాల్లో చిన్న విషయమేమీ కాదు.

తర్వాత కాంగ్రెస్‌తో టీఆర్ఎస్‌కు చెడింది. కేంద్రం తెలంగాణ సంగతి తేల్చడం లేదని 2008లో పార్టీ ఎమ్మెల్యేలు 16 మంది, ఎంపీలు నలుగురు రాజీనామా చేశారు. ఇది చాలా పెద్ద జూదం. ఫలితం మాత్రం పార్టీకి చేదుగానే వచ్చింది. 16 అసెంబ్లీ స్థానాల్లో ఏడే నిలిచాయి. నాలుగు లోక్‌సభ స్థానాల్లో రెండే దక్కాయి. రాజీనామా చేసి మళ్లీ గెలవలేకపోయినవాళ్లే ఎక్కువ. ఆ ఏడుగురిలో ఈటల ఒకరు. అప్పుడూ ఆయన ప్రత్యర్థి ముద్దసానే. పక్కనే ఉన్న హుజూరాబాద్‌లో కెప్టెన్ లక్ష్మీకాంతరావు కూడా నిలిచారు. అంటే ఆ మట్టిలో ఉద్యమం ఓటు అప్పటికే గట్టిపడిందన్నమాట. పార్టీ సగానికి పైగా సీట్లు పోగొట్టుకున్న ఎన్నికలో గెలిచారు కాబట్టి ఈటల పేరు రాష్ట్ర స్థాయిలో వినబడటం ఇక్కడి నుంచే మొదలైందని చెప్పవచ్చు.

నియోజకవర్గాల పునర్విభజనతో 2009 నాటికి కమలాపూర్ అనే నియోజకవర్గమే లేకుండా పోయింది. కమలాపూర్ మండలం హుజూరాబాద్‌లో కలిసింది. ఈటల కూడా దానితోపాటే అక్కడికి వెళ్లారు. ఆ ఎన్నికలో టీఆర్ఎస్ తెలుగుదేశం, వామపక్షాలతో కలిసి మహాకూటమిలో ఉంది. 45 చోట్ల పోటీచేసి పదే గెలిచింది. ఈటల మెజారిటీ కూడా 15,035 దగ్గరే ఆగింది. కాంగ్రెస్ నుంచి వకుళాభరణం కృష్ణమోహన్ గట్టి పోటీయే ఇచ్చారు. పది మంది మిగిలిన పార్టీకి అసెంబ్లీలో నాయకుడిగా ఈటలను ఎంచుకున్నారు. ఆయన్ను అసలు నాయకుణ్ణి చేసింది మెజారిటీ కంటే ఈ బాధ్యతే అనుకుంటాను.

ఏడాది తిరగకముందే మళ్లీ రాజీనామాలు. 2010 ఫిబ్రవరిలో, తెలంగాణ డిమాండ్‌పై కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ విధివిధానాలపై నిరసనగా టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు పది మంది రాజీనామా చేశారు. వేములవాడ తెలుగుదేశం ఎమ్మెల్యే, నిజామాబాద్ అర్బన్ బీజేపీ ఎమ్మెల్యే కూడా వాళ్ల బాటే పట్టారు. జూలైలో 12 చోట్ల ఉప ఎన్నికలు జరిగితే 11 టీఆర్ఎస్‌కు, ఒకటి బీజేపీకి దక్కాయి. హుజూరాబాద్‌లో ఈటల మెజారిటీ 79,227. ప్రత్యర్థి మళ్లీ ముద్దసాని దామోదర్ రెడ్డే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పదిహేను నెలల్లో 15 వేల మెజారిటీ 79 వేలు ఎలా అయింది? మనిషి అదే, ఊళ్లు అవే. మారింది సందర్భం ఒక్కటే. తెలంగాణ ఇస్తామన్న 2009 డిసెంబర్ ప్రకటన వచ్చింది, వెనక్కి పోయింది, విశ్వవిద్యాలయాలు రగిలాయి. కాబట్టి ఆ 79 వేలను ఈటల సొంత బలంగా చూపేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. అది ఉద్యమం వేసిన ఓటు.

2014లో తెలంగాణ వచ్చింది. ఈటల 57,037 మెజారిటీతో గెలిచి రాష్ట్రానికి తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. ఆ నవంబర్‌లో తెలంగాణ తొలి బడ్జెట్ పెట్టింది ఆయనే. పౌరసరఫరాల శాఖ కూడా చూశారు. సంక్షేమ హాస్టళ్లకు, మధ్యాహ్న భోజనానికి సన్నబియ్యం ఇవ్వడం 2015 జనవరిలో మొదలైంది. హాస్టల్లో ఉండి చదువుకున్న మంత్రి కాబట్టే అది జరిగిందని జనం చెప్పుకునేవాళ్లు. ఈటల పేరు చెప్పగానే బడ్జెట్ కంటే ఆ బియ్యమే గుర్తొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

2018 లెక్కను బాగా గుర్తుపెట్టుకోవాలి, తర్వాత ముఖ్యమైన పోలికకు అదే ఆధారం. ఈటలకు 1,04,840 ఓట్లు వచ్చాయి. కాంగ్రెస్ అభ్యర్థి పాడి కౌశిక్ రెడ్డికి 61,121 వచ్చాయి. మెజారిటీ 43,719. మరి బీజేపీకి? 1,683. నోటాకు పడ్డవి 2,867. అంటే ఆ నియోజకవర్గంలో కమలం గుర్తు నోటా కంటే వెనకబడి ఉంది.

ఈసారి మంత్రివర్గంలో చోటు వెంటనే రాలేదు. రెండు నెలలు ఆగి, 2019 ఫిబ్రవరిలో ఇచ్చారు, అదీ ఆర్థిక శాఖ కాదు, ఆరోగ్య శాఖ. ఆ ఆగస్టులో హుజూరాబాద్ సభలో టీఆర్ఎస్ గులాబీ జెండాకు తామే ఓనర్లమని, మంత్రి పదవి ఎవరి భిక్షా కాదని ఆయన అన్న మాట రాష్ట్రమంతా మారుమోగింది. పార్టీ ఎవరిదన్న ప్రశ్నను బయటపెట్టిన మాట అది. తర్వాత సర్దుకున్నట్టే కనిపించింది. కరోనా వచ్చింది, ఆరోగ్య మంత్రిగా ఆయన రోజూ టీవీల్లో కనిపించారు.

2021 ఏప్రిల్ చివరి రోజున మెదక్ జిల్లా అచ్చంపేట, హకీంపేట గ్రామాల అసైన్డ్ భూముల విషయంలో ఆయన కుటుంబ హేచరీస్ మీద ఆరోపణలు టీవీ ఛానెళ్లలో వచ్చాయి. ముఖ్యమంత్రి కేసీఆర్ వెంటనే విచారణకు ఆదేశించారు. మే 1న ఆరోగ్య శాఖ తీసేశారు. మే 2న మంత్రివర్గం నుంచే తప్పించారు. రెండో దశ కరోనా తీవ్రంగా ఉన్న రోజుల్లో ఆరోగ్య మంత్రిని రెండు రోజుల్లో ఇంటికి పంపడం మామూలు సంగతి కాదు. ఈటల ఆరోపణలను ఖండించారు, ఏ విచారణకైనా సిద్ధమన్నారు. జూన్ 12న ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. రెండు రోజులకు బీజేపీలో చేరారు.

ఈ రాజీనామాను కొంచెం విడిగా చూడాలి. అంతకు రెండేళ్ల ముందే, 2019 జూన్‌లో, కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఎవరూ రాజీనామా చేయలేదు, ఎవరూ మళ్లీ ఓటర్ల దగ్గరికి వెళ్లలేదు. 2024లో బీఆర్ఎస్ (పేరు మార్చుకున్న టీఆర్ఎస్) ఎమ్మెల్యేలు పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న కోర్టు చెప్పాల్సి వచ్చింది. పార్టీ మారాలనుకుంటే పదవి వదిలి మళ్లీ పోటీ చేయాలన్న పాత పద్ధతిని పాటించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఈటల లెక్కలు అన్నీ ఇష్టపడనివాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో ఆయనకు మార్కులు వేయాలి.

ఆ తర్వాత ఐదు నెలలు హుజూరాబాద్ చూసినంత హడావిడి ఏ నియోజకవర్గమూ చూసి ఉండదు. కౌశిక్ రెడ్డి కాంగ్రెస్ వదిలి జూలైలో టీఆర్ఎస్‌లో చేరారు. ఆయన్ను గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ చేయాలని మంత్రివర్గం సిఫారసు పంపితే గవర్నర్ పక్కన పెట్టారు. చివరికి నవంబర్‌లో ఎమ్మెల్యేల కోటాలో ఎమ్మెల్సీ అయ్యారు. దళిత కుటుంబానికి పది లక్షలిచ్చే దళితబంధుకు హుజూరాబాద్‌నే పైలట్ నియోజకవర్గంగా ఎంచుకున్నారు. ఆగస్టు 16న శాలపల్లిలో ముఖ్యమంత్రి దాన్ని మొదలుపెట్టారు. 2018 మేలో రైతుబంధు మొదలైన శాలపల్లి-ఇందిరానగర్ కూడా ఇదే. అప్పుడు ఆర్థిక మంత్రి ఈటల. ఇప్పుడు ఆయన ఎదుటి పక్షం. అక్టోబర్‌లో ఎన్నికల సంఘం పోలింగ్ అయ్యేదాకా దళితబంధును ఆపమంది. ఆ ఆపడానికి కారణం మీరంటే మీరని రెండు పార్టీలూ ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. ఈటల పాదయాత్ర మొదలుపెట్టి, అనారోగ్యంతో మధ్యలో ఆపాల్సి వచ్చింది. టీఆర్ఎస్ తరఫున మంత్రి హరీశ్‌రావు అక్కడే మకాం వేశారు. అభ్యర్థి గెల్లు శ్రీనివాస్ యాదవ్, పార్టీ విద్యార్థి విభాగం నాయకుడు.

అక్టోబర్ 30న 86 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. నవంబర్ 2న లెక్క తేలింది. ఈటలకు 1,07,022, గెల్లుకు 83,167. మెజారిటీ 23,855. దళితబంధు మొదలైన శాలపల్లిలో కూడా బీజేపీకే ఎక్కువ ఓట్లు వచ్చాయి.

ఇప్పుడు 2018 అంకెలను వీటి పక్కన పెట్టి పోల్చి చూడండి. కారు గుర్తు మీద వచ్చిన 1,04,840, కమలం గుర్తు మీద 1,07,022 అయింది. 1,683 నుంచి లక్ష దాటిన బీజేపీ ఓటు ఆ పార్టీది కాదని వేరే చెప్పనక్కర్లేదు. అలాగని అంతా ఈటలదేనా? అదీ కాదు. కాంగ్రెస్ 61,121 నుంచి 3,014కు పడిపోయింది. ఆ 58 వేల ఓట్లు ఎక్కడికో వెళ్లాలి కదా. అధికార పార్టీని ఓడించగలిగేది ఈటలే అనుకున్న కాంగ్రెస్ ఓటు కొంత ఇటు వచ్చింది. పాత అభిమానం ఉన్నా కారు గుర్తు వదలలేని టీఆర్ఎస్ ఓటు కొంత అటు ఆగిపోయింది. పైకి ఒకేలా కనిపించే ఆ లక్ష ఓట్ల లోపల మనుషులు చాలా మారారు. 2021 రాత్రి టీవీ స్టూడియోల్లో ఈ సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ‘ఆత్మగౌరవం గెలిచింది’ అన్నంతవరకే చర్చ ఆగిపోయింది.

ఆ లక్ష ఓట్లూ ఈటలవేనన్న లెక్క తప్పని 2023 డిసెంబర్‌లో తేలింది. ఈటల హుజూరాబాద్‌తో పాటు గజ్వేల్‌లో కేసీఆర్ మీద కూడా నిలబడ్డారు. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడుచోట్లా గెలిచిన రోజులు వేరు. 1996 తర్వాత రెండు చోట్లకు మించి పోటీ చేయడానికి వీల్లేదు. ఆ రెండింట్లోనూ ఒకటి ముఖ్యమంత్రి సొంత కోట అయితే రెండోదాని మీద సగం రోజులు కూడా మిగలవు. గజ్వేల్‌లో కేసీఆర్‌కు 1,11,684, ఈటలకు 66,653 వచ్చాయి. అది అనుకున్నదే. దెబ్బ మాత్రం హుజూరాబాద్‌లో తగిలింది. బీఆర్ఎస్ అభ్యర్థి పాడి కౌశిక్ రెడ్డికి 80,333, ఈటలకు 63,460, కాంగ్రెస్ అభ్యర్థి వొడితల ప్రణవ్‌కు 53,164.

కాంగ్రెస్ ఓటు సొంతింటికి తిరిగి వచ్చింది. రెండేళ్ల కిందట 3,014 ఉన్నది 53 వేలు దాటింది. ఈటల దాదాపు 43,500 ఓట్లు పోగొట్టుకున్నారు. గులాబీ ఓటు 83 వేల నుంచి 80 వేలకు తగ్గినా పెద్దగా కదల్లేదు. అంటే కౌశిక్ రెడ్డి కొత్తగా ఓట్లు సంపాదించి గెలవలేదు. ఈటల దగ్గరున్న అరువు ఓటు వెళ్లిపోయింది, అంతే. నా లెక్కలో ఆ మిగిలిన 63 వేలే ఈటల సొంత బలానికి దగ్గరి అంకె. నోటా కంటే తక్కువ ఉన్న పార్టీ గుర్తు మీద 63 వేలు తెచ్చుకోవడం తక్కువేమీ కాదు. కానీ త్రిముఖ పోటీలో అది చాల్లేదు.

ఉప ఎన్నికల హీరోలకు ఆ ఏడాది కలిసిరాలేదు. 2020లో దుబ్బాకలో 1,079 ఓట్లతో గెలిచి సంచలనం చేసిన రఘునందన్‌రావు కూడా 2023లో ఓడిపోయారు. మునుగోడులో కథ తిరగబడింది. కాంగ్రెస్ వదిలి బీజేపీ తరఫున 2022 ఉప ఎన్నికలో ఓడిన కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి, 2023లో కాంగ్రెస్‌కు తిరిగొచ్చి గెలిచారు. ఉప ఎన్నికలో ఓటరు ఒకరికి బుద్ధి చెప్పడానికో, ఒకరిని నిలబెట్టడానికో ఓటేస్తాడు. సాధారణ ఎన్నికలో ప్రభుత్వాన్ని ఎన్నుకుంటాడు. ఒకే మనిషి, రెండు వేరువేరు పనులు.

2024 లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీ ఈటలను మల్కాజిగిరికి పంపింది. 2019లో రేవంత్ రెడ్డి 10,919 ఓట్లతో గట్టెక్కిన సీటు అది. ఈటలకు 9,91,042 ఓట్లు వచ్చాయి, కాంగ్రెస్ అభ్యర్థి పట్నం సునీతా మహేందర్ రెడ్డి మీద 3,91,475 మెజారిటీ. రఘునందన్‌రావు కూడా మెదక్ నుంచి గెలిచారు. ఈ మెజారిటీలో మోదీ ఓటు ఎంతో, హైదరాబాద్ శివార్ల ఓటు ఎంతో విడదీయడం హుజూరాబాద్‌లో చేసినంత తేలిక కాదు. అక్కడ ఆయనకు పాత లెక్క లేదు, పోల్చడానికి ముందు అంకె లేదు.

పాత జెండా మాత్రం ఆయన్ను పూర్తిగా వదల్లేదు. 2025 జూన్ 6న కాళేశ్వరం ప్రాజెక్టుపై జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ ముందు ఆయన హాజరయ్యారు, బీజేపీ ఎంపీగా కాదు, కేసీఆర్ ప్రభుత్వంలో ఒకప్పటి ఆర్థిక మంత్రిగా. హుజూరాబాద్ సీటులో ఇప్పుడు కూర్చున్నది కౌశిక్ రెడ్డి, 2018లో ఈటల చేతిలో 43,719 ఓట్ల తేడాతో ఓడిపోయిన అదే అభ్యర్థి.