పాము కరిస్తే తాడు కట్టకండి: అడవి నడకలు, గుడారాలు, మిద్దె తోటల చుట్టూ తిరిగే అపోహలు

గత ఆదివారం వికారాబాద్ వెళ్తున్న మా మినీ బస్సులో ఒకావిడ తన ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిచి చూపించింది. దూది, అయోడిన్, రెండు గజాల నైలాన్ తాడు, కాగితం కూడా విప్పని కొత్త బ్లేడు. "పిల్లలు వస్తున్నారు కదన్నా, పాము గీము కరిస్తే పనికొస్తాయని పెట్టుకున్నా" అంది. ఆమె కళ్లలో టెన్షన్ చూశాక గట్టిగా ఏమీ అనలేకపోయాను. తాడు, బ్లేడు తీసి నా సంచిలో వేసుకున్నాను. "అక్కా, ఈ రెండూ లేకుంటేనే పిల్లలు భద్రంగా ఉంటారు" అన్నాను. ఇక అనంతగిరి గుట్ట ఎక్కేదాకా బస్సంతా అదే చర్చ.

పన్నెండేళ్లుగా సెలవు రోజుల్లో హైదరాబాద్ వాళ్లను అనంతగిరికి, భువనగిరి గుట్టకు, చుట్టుపక్కల చెరువు గట్లకు తీసుకెళ్తున్నాను. బతుకమ్మ మొదలైన దగ్గర్నుంచి కార్తీకం వెళ్లేదాకా మాకు ఊపిరి సలపదు. ఏటా సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో అదే మెసేజ్ తిరుగుతుంది: కాటుకు పైన గట్టిగా కట్టండి, బ్లేడుతో గాటు పెట్టి రక్తం పిండండి, వీలైతే నోటితో పీల్చండి. పంపేవాళ్ల మనసు మంచిదే. కానీ దాన్ని నమ్మి పాటించిన ఇంట్లో కాలో చెయ్యో పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు.

అపోహ: గట్టిగా కడితే విషం పైకి ఎక్కదు.

వాస్తవం: కట్టు విషాన్ని పూర్తిగా ఆపలేదు, రక్తాన్ని ఆపుతుంది. రక్తపింజర విషం కరిచిన చోట కండనే తినేస్తుంది. ఆ విషాన్ని తాడుతో ఒకే చోట బంధించి, పైగా అక్కడికి రక్తం అందకుండా చేస్తే ఆ కండ బతకదు. నాగుపాము, కట్లపాముల విషం నరాలను పట్టుకుంటుంది. కట్టు ఒక్కసారిగా విప్పితే అప్పటిదాకా ఆగిన విషమంతా ఒకేసారి ఒంట్లోకి వెళ్లి ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఎవరైనా ముందే కట్టి ఉంటే దారిలో మీరు విప్పకండి. ఆసుపత్రిలో డాక్టర్ మందు, సామగ్రి సిద్ధం చేసుకుని విప్పుతారు. ఇక బ్లేడుతో కోయడమంటే, రక్తం గడ్డకట్టే గుణాన్నే పోగొట్టే విషం ఎక్కిన మనిషికి ఇంకో గాయం చేయడమే. అది ఆగకుండా కారుతూనే ఉంటుంది.

మా మేనత్తది నల్గొండ వైపు పల్లె. నేను ఇంటర్ చదివే రోజుల్లో, సద్దుల బతుకమ్మకు ముందు రోజు, గునుగు పూల కోసం చేను గట్టుకు వెళ్లింది. పూల గుత్తి కింద రక్తపింజర ఉంది, కుడి చేతి వేలికి కాటు పడింది. మామయ్య పరుగెత్తుకెళ్లి కొబ్బరి తాడుతో మోచేతి కింద బిగించాడు. పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన వేపాకు నమిలించి, చేదు తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోంది అంది అత్త. అయితే విషం ఎక్కలేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నాడు. పొద్దుగూకేసరికి చిగుళ్ల నుంచి రక్తం మొదలైంది. అప్పుడు ట్రాక్టర్ మీద పట్నానికి తెచ్చారు. అత్త బతికింది, కానీ రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. విషం చేసిన దానికి తాడు తోడైందని డాక్టర్ చెప్పినప్పుడు మామయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆయన తప్పేముంది? ఆయనకు ఎవరైనా చెప్పింది అదొక్కటే.

"మరి మంత్రంతో బతికిన వాళ్లున్నారు కదా" అని ప్రతి నడకలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఉన్నారు. మన దగ్గర కనిపించే పాముల్లో చాలా వాటికి మనిషిని చంపే విషమే లేదు. జెర్రిపోతు, నీరుకట్టు కరిస్తే మంత్రం వేసినా, వేయకపోయినా బతుకుతారు. విషపాము కూడా ప్రతి కాటులోనూ విషం వదలదు. అలా బయటపడ్డ వాళ్ల లెక్కంతా మంత్రం ఖాతాలో పడుతుంది. పోయినవాళ్లు వచ్చి చెప్పరు కదా. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు ఏడాదికి సగటున 58,000 మంది పోయారని 2020లో వచ్చిన పరిశోధన అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దేశం మొత్తం మీద ఈ మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే జరిగాయి. వానలు వెనక్కి తగ్గాయి, ఇక పాములుండవు అనుకునేవాళ్లు ఆ మిగతా సగం గురించి ఆలోచించాలి.

మరి చేయాల్సిందేమిటి? ముందు మనిషిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పండి. ఉంగరం, గాజులు, పట్టీలు, వాచీ, బూట్లు తీసేయండి, వాపు వస్తే అవే తాళ్లలా బిగుస్తాయి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర పెట్టి గుడ్డతో వదులుగా కట్టి, ఆ కాలు, చెయ్యి కదలకుండా ఉంచండి. నడిపించకండి, మోసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ దూరంలో ఉంటే బైక్ మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకుని అయినా బయల్దేరండి. కాటు పడ్డ టైమ్ గుర్తుపెట్టుకుని డాక్టర్‌కు చెప్పండి. విషానికి విరుగుడు యాంటీవెనమ్ ఒక్కటే. అది సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. నేను ప్రతి నడకకు ముందు రోజు, దగ్గర్లోని ఆసుపత్రికి ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కుంటాను. ఒకసారి ఒక చోట లేదన్నారు. ఆ వారం దారి మార్చుకున్నాం.

పామును చంపి తీసుకెళ్లాలన్నది ఇంకో మొండి నమ్మకం. దాని వెంటపడి రెండో కాటు తిన్నవాళ్లను చూశాను. మన దేశంలో దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ కలిపి చేసిందే. డాక్టర్లు లక్షణాలు చూస్తారు, రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో వస్తే సరే, లేకపోయినా నష్టం లేదు. పిల్లపాముకు విషం ఉండదన్నదీ తప్పే. గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజే నాగుపాము పిల్లకు కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది.

గుడారాల్లో పడుకునేవాళ్లకు కట్లపాము గురించి కాస్త వివరంగా చెప్పాలి. అది రాత్రి తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. నొప్పి దాదాపు తెలియదు, వాపు ఉండదు, కాటు గుర్తు కూడా ఒక్కోసారి కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు, గ్యాస్ అనుకుని మాత్ర మింగుతారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అడవిలోనో పొలంలోనో పడుకుని లేచాక రెప్పలు బరువెక్కితే కాటు కనబడలేదని ఆగకండి, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి. వెన్నెల బాగుందని చాప తెచ్చుకుని బయట పడుకుంటామనే కుర్రాళ్లతో నాకు ప్రతిసారీ గొడవే. గుడారం జిప్పు పూర్తిగా వేయాలి, బూట్లు లోపల పెట్టుకోవాలి, రాత్రి అవసరానికి బయటికొస్తే చేతిలో టార్చి ఉండాలి. గుడారం లేకపోతే కనీసం దోమతెర అంచులు పరుపు కింద దోపుకోండి.

మంట వేస్తే పాములు రావనేదీ వట్టి మాటే. పైగా అడవిలో మంట వేయడం నేరం. అటవీ శాఖ అనుమతి లేకుండా గుడారం వేయడం కూడా అంతే.

ఇక మిద్దె తోటల సంగతి. నడకకు వచ్చినవాళ్లలో సగం మంది ఇంటికెళ్లాక నాకు కుండీల ఫొటోలు పంపుతారు. రాతరాణి, మల్లె, సంపెంగ పెడితే పాములు వస్తాయని అత్తగారు పీకించేశారని మొన్న ఒక అమ్మాయి బాధపడింది. పాము పూల వాసనకు రాదమ్మా. ఎలుకలకు, కప్పలకు వస్తుంది. పక్షులకు వేసిన గింజలు నేల మీద చిందినా, వంటింటి చెత్త మూత లేకుండా కుళ్లబెట్టినా ఎలుకలు చేరతాయి. మూలన పేర్చిన ఇటుకలు, కొబ్బరి డొక్కలు, పగిలిన కుండీలు వాటికి ఇల్లు. అవి తీసేయండి, మల్లెను ఉండనివ్వండి. చుట్టూ ఫినాయిల్, గంధకం చల్లడం వల్ల పోయేది మీ డబ్బే. నిజంగా పాము కనిపిస్తే కర్ర తీయకండి, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు వచ్చి పట్టి తీసుకెళ్తారు.

మిగతావి చిన్నవి. మనకు శరదృతువే లేదు, ఆకులు ఎర్రబడే దేశాలకు వెళ్లి చూడాలి అనేవాళ్లకు నేను తంగేడు, గునుగు విరగబూసిన గట్టు చూపిస్తాను. ఆశ్వయుజం, కార్తీకం అంటే ఇదే. వానలు పోయాయని కుండీలకు రోజూ రెండు పూటలా నీళ్లు పోయకండి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి పొడిగా తగిలితేనే పోయండి. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి విత్తడానికి ఇప్పుడు మంచి అదును.

కార్తీక వనభోజనాలకు ఉసిరి చెట్టు కిందికి వెళ్తారు కదా. చాప పరిచే ముందు పొడుగు కర్రతో నేల మీది ఆకులు ఒకసారి కదపండి, రాళ్ల సందుల్లో పిల్లల్ని చేతులు పెట్టనివ్వకండి, అన్నం మెతుకులు అక్కడే పారేయకుండా మూట కట్టి వెనక్కి తెచ్చేయండి.